మీ పేరుతో మెయిల్ ఎవరు పంపుతున్నారు?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కొనే విదేశీ వ్యాపారి చాలాసార్లు ఎగుమతిదారు ముఖం చూడకుండానే అడ్వాన్సు పంపిస్తాడు. గుంటూరు మిర్చికీ, భీమవరం రొయ్యకీ అంతే. బేరం వాట్సాప్‌లో కుదిరినా ప్రొఫార్మా ఇన్‌వాయిస్, బ్యాంకు ఖాతా నంబరు, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ ఈమెయిల్‌లోనే వెళ్తాయి. అంత డబ్బును కదిలించే మెయిల్ ఫలానా కంపెనీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాటు మాత్రం మన చిన్న వ్యాపారుల్లో చాలామందికి లేదు. ఇందుకు నేను వాళ్ళను తప్పు పట్టను. డొమైన్ అమ్మినవాళ్ళు చెప్పలేదు, వెబ్‌సైట్ చేసిచ్చినవాళ్ళు చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత తమదని ఎవరూ అనుకోలేదు.

లోపం ఈమెయిల్ పుట్టుకలోనే ఉంది. 1982లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ పోస్టెల్ ఈమెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ నియమాలు రాసేనాటికి నెట్‌వర్క్‌లో ఉన్నది ఎక్కువగా కొద్దిమంది పరిశోధకులూ, విశ్వవిద్యాలయాలే. ఒకరినొకరు అనుమానించాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు. కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరు రాసి డబ్బాలో వేసినా పోస్ట్‌మన్ ఆరా తీయడు కదా, ఈమెయిల్ కూడా ఆ పద్ధతిలోనే తయారైంది. మీ కంపెనీ డొమైన్ పేరు 'ఫ్రమ్'లో పెట్టి మెయిల్ పంపడానికి మీ పాస్‌వర్డ్ దొంగిలించనక్కర్లేదు.

ఆ లోపాన్ని పూడ్చే పద్ధతులు మూడు. మూడూ డొమైన్‌కు చెందిన డీఎన్‌ఎస్ రికార్డుల్లో, అంటే డొమైన్ వివరాలుండే బహిరంగ పట్టికలో, రాసుకునేవే. నా డొమైన్ తరఫున మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉందని ప్రకటించేది ఎస్‌పీఎఫ్. వెళ్ళే ప్రతి మెయిల్‌పైనా డిజిటల్ సంతకం వేసి, దాన్ని సరిచూసే తాళంచెవిని డీఎన్‌ఎస్‌లో అందరికీ కనపడేలా పెట్టేది డీకిమ్. మెయిల్‌ను సర్వర్ దానంతటదే వేరే చిరునామాకు ఫార్వర్డ్ చేస్తే ఎస్‌పీఎఫ్ సాధారణంగా విఫలమవుతుంది, సంతకం మాత్రం చాలావరకు నిలబడుతుంది. అందుకే రెండూ కావాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. ఎస్‌పీఎఫ్ చూసేది మెయిల్ లోపల దాగి ఉండే పంపినవారి చిరునామాను. కొనుగోలుదారు తన తెరమీద చదివేది 'ఫ్రమ్' చిరునామాను. ఈ రెండూ ఒకటి కానవసరం లేదు. మోసగాడు తన సొంత డొమైన్‌తో ఎస్‌పీఎఫ్ పరీక్ష నెగ్గి, పైకి మీ పేరు చూపించగలడు. ఆ సందును మూసేది మూడోదైన డీమార్క్. కనిపించే 'ఫ్రమ్' డొమైన్, పరీక్ష నెగ్గిన డొమైన్ కలవాలంటుంది. కలవకపోతే ఆ మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ యజమాని ముందే చెప్పి ఉంచవచ్చు: 'నన్' అంటే ఏమీ చేయవద్దని, 'క్వారంటైన్' అంటే స్పామ్‌లో వేయమని, 'రిజెక్ట్' అంటే తిప్పికొట్టమని.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ 'నన్'. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్ళకు పైగా పంపేవారికి మూడూ తప్పనిసరి. అంతకన్నా తక్కువ పంపేవారికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా భారీగా పంపేవారికి ఇలాంటి షరతులే పెట్టింది. దాంతో చాలాచోట్ల పని ఆ తనిఖీ నెగ్గేంతవరకే జరిగింది. డీమార్క్ రికార్డు ఒకటి పెట్టి, అందులో 'నన్' అని రాసి వదిలేశారు. 'నన్' మొదటి మెట్టు మాత్రమే. మీ పేరుతో ఎక్కడెక్కడి నుంచి మెయిళ్ళు వెళ్తున్నాయో నివేదికలు తెప్పించుకుని చూసుకోవడానికి పెట్టిన గడువది. అక్కడే ఆగిపోతే దొంగ మెయిల్‌ను ఆపమని మీరు ఎవరికీ చెప్పనట్టే.

అలాగని తొందరపడి 'రిజెక్ట్' పెట్టినా నష్టమే. ఆఫీసు మెయిల్ ఒక కంపెనీ నుంచి, బిల్లులు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి, పండగ ఆఫర్లు ఇంకో సర్వీసు నుంచి, వెబ్‌సైట్‌లో 'సంప్రదించండి' ఫారం నింపితే వచ్చే మెయిల్ హోస్టింగ్ సర్వర్ నుంచి వెళ్తుంటాయి. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకోకపోతే మీ బిల్లులే తిరుగుటపాలో వస్తాయి. కొత్త సర్వీసు చేర్చినప్పుడల్లా ఇంకో ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టేస్తుంటారు కొందరు. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. ఆ ఒక్కదానిలోనూ డీఎన్‌ఎస్ వెతుకులాటలు పదికి మించకూడదు. ఓపికగా నివేదికలు చదివి, ఒక్కొక్కటీ సరిచేసి, ఆ తర్వాత 'క్వారంటైన్'కు, అక్కడినుంచి 'రిజెక్ట్'కు వెళ్ళాలి. చిన్న వ్యాపారానికి ఇది కొద్ది వారాల పని.

ఈ మూడు పద్ధతులూ ఆపలేని మోసాలూ ఉన్నాయి. 2015లో ఓఎన్‌జీసీ పేరులో అక్షరాలు తారుమారు చేసిన డొమైన్ నుంచి మెయిల్ పంపి, సౌదీ ఆరామ్‌కో చెల్లించాల్సిన సుమారు 197 కోట్ల రూపాయలను వేరే ఖాతాకు మళ్ళించారని అప్పట్లో వార్తలు వచ్చాయి. అలాంటి పోలిక డొమైన్‌ను మీ డీమార్క్ ఆపదు. మీ మెయిల్ పెట్టెలోకే ఎవరైనా చొరబడితే అసలే ఆపదు. ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే అందులోని నంబరుకు కాకుండా, ముందునుంచీ మీ దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పాలి.

ఈ భారమంతా యజమాని నెత్తిన వేయడం నాకు న్యాయంగా తోచదు. డొమైన్, మెయిల్ కలిపి అమ్మే సంస్థలు కొన్నరోజే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టి ఇవ్వాలి. మిర్చి ఎగుమతిదారు స్పైసెస్ బోర్డులో, రొయ్యల ఎగుమతిదారు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడాలో నమోదు చేసుకోవాల్సిందే కదా, ఆ నమోదప్పుడే డొమైన్ పరిస్థితి చూసి చెప్పే మనిషి ఒకరు అక్కడ ఉండాలి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 నాటికి 'బ్యాంక్ డాట్ ఇన్' డొమైన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. పెద్ద సంస్థల పేరు కాపాడేందుకు చూపిన ఆ పట్టుదలలో కొంతైనా చిన్నవాళ్ళకూ దక్కాలి.

ఈలోగా ప్రతి యజమానీ ఒక పని చేయవచ్చు. ఆఫీసు మెయిల్ నుంచి మీ సొంత జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపండి. కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటికీ ఎదురుగా 'పాస్' అని ఉందా చూడండి. లేకపోతే మీ డొమైన్ లాగిన్ ఎవరి దగ్గరుందో అడగండి. అది వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడి పేరుమీద ఉంటే, ముందు దాన్ని మీ పేరుకు మార్పించుకోండి. మిగతా పని ఆ తర్వాతే సాధ్యం.