చుక్కపై మచ్చ - మన భాషలో మాట

తెలుగున చదువుకొన్న పిల్లలకు పెద్ద శాస్త్రము అందదని కొందరందురు. ఒడియాసీమలో తెలుగున చదువుకొను మన దిగపహండి విద్యార్థులకు ఆ మాట మఱింత గట్టిగా తగులును. అది నిజమో కాదో ఒక కఠిన విషయముతోనే పరీక్షింతము.

ఆకాశమున జంటతారలు గలవు. చంద్రుడు భూమికి ఎల్లప్పుడు ఒకే మొగము చూపునట్లు, మిక్కిలి దగ్గరనున్న జంటలోని తారలు పరస్పరాకర్షణచే ఒకే మొగము చూపుకొనుచు తిరుగును. సూర్యుడు తన చుట్టు తాను తిరుగుటకు సుమారు 25 దినములు పట్టగా, ఇట్టి తారకు కొలది దినములే చాలును. పైపొరలలో మరుగు వాయువునకు ఈ వడి తోడైనచో బలమైన అయస్కాంతశక్తి పుట్టును. అది పైకి పొడుచుకొని వచ్చినచోట లోపలి వేడిని పైకి రానీయదు. ఆ చోటు చల్లబడి మచ్చయగును. సూర్యుని మచ్చలలో అయస్కాంతశక్తి గలదని 1908లో హేల్ పండితుడు కనుగొనెను. సూర్యునిపై నూటికి ఒక వంతైనను నిండని మచ్చలు, కొన్ని జంటతారలపై పెద్దభాగమునే ఆక్రమించును. తార దూరముచే చుక్కగానే కనబడును గావున, మచ్చ మనవైపు తిరిగినప్పుడు వెలుగు తగ్గుటను కొలిచి దాని ఉనికిని గ్రహింతురు. హైదరాబాదు చేరువ జాపాల-రంగాపూరు వేధశాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 48 అంగుళముల దూరదర్శినితో ఇట్టి జంటలను కొలిచిరి.

ఇందు తెలుగునకు లొంగనిదేమున్నది? మచ్చ, జంట, మరుగుట, వడి - అన్నియు మన యింటి మాటలే. ఇంగ్లీషు పేర్లును నేర్వవలసినవే. కాని విషయము తెలిసినవానికి పేరు నేర్చుట యెంతసేపు? పేరు మాత్రమే వల్లించినవానికి విషయము దూరముగానే యుండును.

సాధనములు లేవందురా? ఖండపడాలో 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరుడు వెదురుతో సాధనములు చేసికొని, వట్టి కంటితోనే గ్రహగతులను కొలిచెను. ఆల్గాల్ తార సుమారు 2 దినముల 21 గంటలకొకసారి మసకబారుటను 1783లో లోకమునకు తెలిపిన గుడ్‌రిక్ 18 ఏండ్ల చెవిటి యువకుడు. జంటలో మసకతార ప్రకాశతారను మఱుగుపఱచుటయే దానికి కారణము. ఆ మసకతార అయస్కాంతశక్తి మెండుగా గలదే.

కావున కార్తికమాసమునుండి, వీధిదీపములకు దూరముగా పొలముగట్టున నిలిచి, కృత్తికలకు ఉత్తరమున నున్న ఆల్గాలును పొరుగుతారలతో పోల్చి చూతము. మచ్చలు మన కంటికి కనబడవు; గ్రహణవేళ వెలుగు మూడవవంతునకు దిగుట కనబడును. తేది, గంట, వెలుగు తెలుగున వ్రాసియుంచుదము. ఒడియా మిత్రులనుకూడ పిలుతము. వారు తమ భాషలో వ్రాయుదురు గాక. రెండు పుస్తకములలోని అంకెలు ఒక్కటైననాడు, ఆ కొందరికి మనము వేఱుగా బదులు చెప్పనక్కరలేదు.