పొగ లేని నిప్పుతోనే ప్రమాదం

నిప్పు లేనిదే పొగ రాదన్నది అందరికీ తెలిసిన సామెతే. పొగ లేకపోతే భయం లేదని ఎవరు చెప్పారో గానీ, చలికాలం వచ్చిందంటే చాలా ఇళ్ళలో అదే నమ్మకం.

బాలింత గదినే చూడండి. కిటికీలు బిగించి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెడతారు. "బొగ్గులు కణకణలాడుతున్నాయి, పొగేం లేదు, తలుపు వేసెయ్యి" అంటారు పెద్దవాళ్ళు. నేను చాలా ఇళ్ళలో విన్న మాటే ఇది. అందులో ప్రేమ లేదనను. కానీ చలిగాలి రాకుండా మూసిన తలుపే మంచిగాలినీ ఆపేస్తుంది కదా!

అలా కాలే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. కట్టెలైనా, గ్యాసయినా గాలి చాలకుండా మండితే అదే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు లీకయితే మనకి తెలిసేది, అందులో కావాలని వాసన కలుపుతారు కాబట్టి. దీనికి ఆ హెచ్చరిక కూడా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఇది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకి మెలకువే రాకపోవచ్చు.

ఇవి పల్లెటూరి సంగతులనుకోకండి. 2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ విహారయాత్రకు వెళ్ళినవాళ్ళలో ఎనిమిది మంది, దామన్ అనే చోట రిసార్టు గదిలో గ్యాసు హీటరు పెట్టుకుని, తలుపులు వేసుకుని పడుకున్నారు. ఎనిమిది మందీ చనిపోయారు. అందులో నలుగురు పిల్లలు! లంబసింగి, అరకు చలి చూడాలని సరదాపడే మనవాళ్ళు గుడారాల్లోకి నిప్పుల పొయ్యి తీసుకెళ్ళకుండా ఉంటే చాలు.

ఇక పట్నాల్లో గ్యాసు గీజరు. ఇరుకు బాత్‌రూమ్, చలేస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం. గీజరుని, సిలిండర్‌ని గాలి ఆడే చోట బయట పెట్టించి, వేడినీళ్ళు మాత్రం పైపుతో లోపలికి తెచ్చుకోవాలి.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు వస్తే అజీర్తి అనో, దిష్టి అనో అనుకుంటాం. ఇంట్లో నలుగురికీ ఒకేసారి వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే అనుమానించాల్సిందే. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మకండి. అది ఈ విషవాయువుకీ ప్రాణవాయువుకీ తేడా కనిపెట్టలేదు. వెంటనే తలుపులు తెరిచి, మనుషుల్ని బయటికి తెచ్చి, 108కి ఫోన్ చెయ్యాలి. గదిలో కుంపటి ఉందనో, గీజరు వెలిగిందనో డాక్టరుకి తప్పక చెప్పాలి.

మరి బాలింతకి చలెయ్యదా అంటారా? స్వెట్టరు, సాక్సులు, రగ్గులు ఉన్నాయి. బట్టల్ని వసారాలో వెచ్చబెట్టి తేవచ్చు. పసిబిడ్డకి తల్లి ఒంటిని మించిన వెచ్చదనం ఏముంది? వెచ్చదనం వద్దని కాదు నేననేది, మూసిన గదిలో నిప్పు వద్దని.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆ గదిలో ఎక్కువసేపు ఉండేది బాలింత. తలుపు తీయమనే చనువు తక్కువగా ఉండేదీ ఆమెకే. "అత్తయ్యా, తల దిమ్ముగా ఉంది" అని కోడలంటే, "మేం కనలేదా పిల్లల్ని?" అనే జవాబు వస్తుంది. పుట్టింట్లో అయితే అమ్మే కసురుతుంది. అమ్మలూ, అత్తలూ, రేపోమాపో ఆ వరసకి వచ్చే మనమూ ఒక్క పని చేద్దాం. ఆ పిల్ల తలనొప్పి అనగానే వాదన పెట్టుకోకుండా తలుపు బార్లా తీసి, తల్లీబిడ్డల్ని బయటికి తీసుకొద్దాం. ఆచారం గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.