మేస్త్రీది తప్పు కాదు

ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌కి నన్ను ఒక పెట్రోల్ బంకు సైటుకి పంపారు. భూమిలో వేసేది ఫైబర్‌గ్లాస్ పైపు. తుప్పు పట్టదు, నిజమే. కానీ దీనికి వెల్డింగ్ ఉండదు, అతుకుకి ఎపాక్సీ జిగురే ఆధారం. ఇనప పైపుల్లో చెయ్యి తిరిగిన మేస్త్రీ కూడా ఇక్కడ కొత్తవాడే.

పైపు అంచుని వాలుగా చెక్కే టూల్‌కి బ్లేడు మొద్దుబారింది. ఎమరీ పేపర్‌తో రుద్దిన చోటనే ఒకతను చెమట చేత్తో పట్టుకున్నాడు. ఆ ఎండకి జిగురు కప్పులోనే గట్టిపడటం మొదలైంది. "ఇంకాస్త పూస్తే సరిపోద్దిలే బాబూ" అన్నాడు మేస్త్రీ. మర్నాడు గాలి నింపి సబ్బునీళ్లు పూస్తే బుడగలే బుడగలు! నయం, మట్టి కప్పకముందే బయటపడింది.

ఆయన్ని తప్పుపట్టను. ఆయనకి ఎవరు నేర్పారు గనక? పని మొదలయ్యే ముందు రోజే కొత్త బ్లేడు బిగించి, జిగురు గడువు తేదీ చూసి, తుక్కు ముక్కల మీద రెండు అతుకులు చేయించాలి. ఒకరోజు కూలీ దండగంటారు. లీకైతే ఆ వీధి బోరు నీళ్లు వాళ్లు తాగుతారా?

మన వర్క్‌షాప్‌లో ఇంకా ఫిట్టింగు, కార్పెంటరీనే. ఎపాక్సీ అతుకు ఒక్కటీ చేయలేదు. నేనూ రికార్డు రాసి పాసైనవాణ్ణే లెండి.