తేలిక పని ఇస్తే పరిహారం తీరినట్టు కాదు

పత్తి తీతలు, వరి కోతలు మొదలైతే జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, ట్రాక్టర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఆ రోజుల్లోనే బెల్టులో చెయ్యి పడిన కూలీ, బస్తాలు మోస్తూ నడుం దెబ్బతిన్న హమాలీ సంఘం గడప తొక్కుతారు. ఆసుపత్రి నుంచి రాగానే యజమాని అనే మాట దాదాపు ఒకటే: "బరువు పని వద్దులే, గేటు దగ్గర కూర్చో." వినడానికి దయగానే ఉంటుంది. నెల తిరిగేసరికి జీతం తగ్గిపోతుంది. పరిహారం అడిగితే "పని ఇస్తున్నాం కదా!" అంటారు. తగాదా అంతా ఇక్కడే.

తేలిక పని ఇవ్వడం తప్పని మేము అనడం లేదు. ఆ పేరుతో కూలీకి రావలసింది ఎగ్గొట్టడమే తప్పు. తాత్కాలికంగా పనికి దూరమైన కార్మికుడికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం చెల్లించాలి. తేలిక పనిలో కొంత సంపాదిస్తుంటే, ఈ మొత్తం పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం మించకూడదు. ఉదాహరణకు 12,000 రూపాయల జీతం 8,000కు తగ్గిందనుకుందాం. తేడా 4,000. అంటే పదిహేను రోజులకోసారి 2,000 చొప్పున రావాలి. 1923 నాటి పరిహార చట్టంలోని ఈ లెక్క 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ కొనసాగింది.

చెయ్యో కాలో శాశ్వతంగా పోతే కొలత వేరు. ఒడిశాలో ఒక వడ్రంగి ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయాల్సి వచ్చింది. అది పాక్షిక నష్టమేనని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది పూర్తి నష్టమేనని 1975లో సుప్రీంకోర్టు తేల్చింది. కూర్చుని చేసే పని ఏదైనా దొరుకుతుందా అని కాదు, చేతిలో ఉన్న పని చేయగలడా అని చూడాలి.

కాబట్టి దెబ్బ తగిలిన రోజే యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఆసుపత్రి కాగితాలు, జీతం లెక్క దాచుకోండి. "ఇక ఏమీ అడగను" అని రాయించుకున్నా ఆ కాగితం చెల్లదు. అయినా సంతకం పెట్టకండి. పరిహార కమిషనర్ ముందు దావా వేయడానికి రెండేళ్లు దాటనివ్వకండి.

చివరగా మనలో మన మాట. ట్రాక్టరుతో సేద్యం చేసే కూలీ కూడా ఈ చట్టం కిందికే వస్తాడు. డ్రైవర్‌ను పెట్టుకున్న రైతు కూడా యజమానే. ట్రాక్టరు బీమా కట్టేటప్పుడు అది డ్రైవర్‌కూ వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకుందాం. మిల్లు దగ్గర అడిగే న్యాయం మన కళ్లంలోనూ జరగాలి. అప్పుడే రైతు, కూలీ ఒక్క మాట మీద నిలబడగలరు.