రోజుకో ఫోటో, ఏడాది పొడుగునా: మార్కాపురం ప్రాంత ప్రజలకు విన్నపం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, రాచర్ల, తర్లుపాడు, త్రిపురాంతకం, దోర్నాల, యర్రగొండపాలెం వైపు ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, బడిపంతుళ్ళకు, ఫోటో స్టూడియోల వారికి, చేతిలో ఫోన్ ఉన్న కుర్రకారుకు...

మన ప్రాంతం ఫోటో పత్రికల్లో ఎప్పుడెప్పుడు పడుతుందో ఒకసారి తలుచుకోండి. మే నెలలో ట్యాంకరు చుట్టూ ప్లాస్టిక్ బిందెలు. ఫ్లోరైడు నీళ్ళకు గారపట్టిన పళ్ళు, వంగిపోయిన కాళ్ళు. వెలిగొండ సొరంగం దగ్గర హెల్మెట్లు పెట్టుకున్న నాయకులు. ఎండిన మిర్చి చేలో తల పట్టుకున్న రైతు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. ఆ ఫోటోలు తీసిన విలేకరుల మీద మాకు కోపమూ లేదు. వాళ్ళు వార్త కోసం వస్తారు, దొరికాక వెళ్తారు. కష్టమూ పండగా లేని ఒక మామూలు మంగళవారం నాడు గిద్దలూరు బస్టాండులో ఎవరేం చేస్తున్నారో తియ్యడానికి ఒంగోలు నుంచి ఎవరూ రారు. ఆ పని చెయ్యవలసింది మనమే.

మేం అడుగుతున్నది ఇది: వచ్చే ఉగాదినాడు మొదలుపెట్టి మళ్ళీ ఉగాది దాకా, ఊరికి ఒక్కరైనా రోజుకో ఫోటో తియ్యండి. మీ ఊళ్ళోనే, మీ ఫోన్‌తోనే. ఆ రాత్రే దానికి తేదీ, ఊరి పేరు, ఒక వాక్యం రాసి పెట్టుకోండి. (ఉగాది నుంచి ఉగాదికి సరిగ్గా 365 రోజులు రావు కదా అని పంచాంగం తెలిసినవాళ్ళు వెంటనే పట్టుకుంటారు. నిజమే, మామూలు ఏడు 354 దాకా, అధికమాసం పడితే 384 దాకా వస్తాయి. ఆ లెక్క పెద్దలు చూసుకుంటారు, పిల్లలు తియ్యడం మొదలుపెడితే చాలు.)

ఫోటోగ్రఫీ నేర్చుకోవాలని ఉంది, ఏ కెమెరా కొనమంటారు అని స్టూడియోలకు వచ్చే కుర్రాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు. అప్పో సప్పో చేసి నాయన డీఎస్ఎల్ఆర్ కొనిస్తాడు. అది నాలుగు పెళ్ళిళ్ళకు, ఒక ప్రీవెడ్డింగ్ షూట్‌కు పనికొస్తుంది. మూఢం రాగానే బీరువా ఎక్కుతుంది. కుర్రాడికి కెమెరాలో మీటలన్నీ తెలిశాయి గానీ, మనిషి ముఖం మీద వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకోవడం అలవాటు కాలేదు. ఒక్క పెళ్ళిలో రెండువేల ఫోటోలు కొట్టినా ఆ అలవాటు రాదు. సంగీతం మాస్టారు సరళీ స్వరాలు రోజూ పాడించినట్టు, రోజూ కాస్త కాస్త చేస్తేనే వస్తుంది.

రోజులో ఎన్నయినా తియ్యండి. పడుకునే ముందు మాత్రం ఒక్కటే ఉంచుకోవాలి. ఏది ఉంచాలి, దేన్ని తీసెయ్యాలి, ఎందుకు అని ఐదు నిమిషాలు తర్జనభర్జన పడతారు చూడండి, సగం చదువు అక్కడే ఉంది. ఫిల్ము రోలు రోజుల్లో 36 ఫోటోలకు మించి రావు కాబట్టి ఆ తర్జనభర్జన మీట నొక్కకముందే జరిగేది. ఇప్పుడు నొక్కాక జరగాలి, అంతే తేడా.

ఇక పాఠాలకు సరంజామా అంటారా, అది మార్కాపురంలోనే ఉంది. పలక. తెలుగు పిల్లలు తరతరాలుగా అక్షరాలు దిద్దింది మన రాతిపలక మీదే. నోటుబుక్కులు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయి, ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా గోడలకు, నేలలకు పోతోంది. ఆ రాయినే ఒకసారి ఫోన్ తెరమీద నిండా పెట్టి తియ్యండి. మీ కళ్ళకు నల్లగా కనిపించే పలక ఫోటోలో బూడిదరంగుకు తిరుగుతుంది. ఫోన్ పాడయిందనుకోకండి. తెర నిండా నలుపే ఉంటే కెమెరా ఇక్కడ వెలుతురు తక్కువైందనుకుని తనంతట తానే పెంచేస్తుంది. పలక మీద వేలితో తాకితే చాలా ఫోన్లలో సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగండి. పలక మళ్ళీ పలకలా నల్లబడుతుంది. తర్వాత పత్తి బోరెం దగ్గరికి వెళ్ళి అదే పని చెయ్యండి. ఈసారి తెల్లటి పత్తి మురికిగా వస్తుంది, గుర్తును పైకి లాగాలి. ఎక్స్‌పోజర్ అని పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసే పాఠం ఇంతే. నలుపుకు తగ్గించు, తెలుపుకు పెంచు. మన కుర్రాళ్ళకు ఇది పొద్దున ఒక పావుగంట పని.

అదే పలకల గుట్ట దగ్గరికి పొద్దున ఏడింటికి ఒకరోజు, మిట్టమధ్యాహ్నం ఒకరోజు వెళ్ళండి. పొద్దున పక్కనుంచి పడే ఎండలో రాతి పొరలన్నీ ఒక్కొక్కటిగా లేచి కనిపిస్తాయి, ఉలి జారిన చోట సన్నటి గీత కూడా తెలుస్తుంది. పన్నెండింటికి అవేవీ ఉండవు, రాయి చదునుగా పడి ఉంటుంది. నీళ్ళు చల్లితే ఇంకో రంగు. ఒకే గుట్ట, నెలలో పది రకాల ఫోటోలు. లైటింగ్ కోర్సుకు హైదరాబాదులో ఫీజు కట్టే ముందు ఈ గుట్ట చుట్టూ నాలుగు వారాలు తిరగమని మా సలహా.

కంభం వైపు వాళ్ళకు మరో పెద్ద పాఠం ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల మధ్య కట్ట వేసి చేసిన కంభం చెరువు అది. గత శతాబ్దం మొదట్లోనే ఆ కట్ట ఎత్తు 57 అడుగులని, దాని కింద 10,300 ఎకరాలు నేరుగా పారేవని లెక్క రాసి పెట్టారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం, అదే ఐసీఐడీ, దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు నిండినప్పుడు కట్టమీద సెల్ఫీలకు జాగా దొరకదు. నీళ్ళు వెనక్కి పోయాక ఒక్కరూ కనబడరు. మేం చెప్పేది, కట్టమీద ఒక రాయిని గుర్తు పెట్టుకుని, దానిమీద ఫోన్ ఆనించి, ఒకే వైపు, ఒకే వేళకు, ఏడాదంతా తియ్యమని. నీటి అంచు వారం వారం ఎంత జరిగిందో, బురద ఏ నెలలో నెర్రెలిచ్చిందో, అడుగున పచ్చిక లేచి గొడ్లు ఎప్పుడు దిగాయో, మొదటి వాన నీళ్ళు ఏ మూలనుంచి వచ్చాయో ఆ వరస చూపిస్తుంది. ఏ ఒక్క ఫోటో గొప్పగా ఉండకపోవచ్చు. కానీ ఆయకట్టు రైతు ఆఫీసరు ముందు కూర్చుని ఫలానా తారీకుకు నీళ్ళు ఇక్కడిదాకే ఉన్నాయి సార్ అని చూపించగలిగిన కాగితం అదొక్కటే అవుతుంది.

తొందర పడాల్సిన ఊళ్ళు ఇంకొన్ని ఉన్నాయి. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నీళ్ళు సొరంగాల గుండా వచ్చి నల్లమల సాగర్ జలాశయం నిండాలని మనమంతా కోరుకునేదే. అది నిండితే మునిగే ఊళ్ళూ మనవే. సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ లాంటివి. 1981లో శ్రీశైలం జలాశయం కింద వంద దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గుళ్ళను రాయి రాయి విప్పి వేరేచోట మళ్ళీ కట్టారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని ఇప్పటికీ అలంపురం వెళ్ళి చూడొచ్చు. మరి ఆ ఊళ్ళలో మామూలు ఇంటి అరుగును, బావి గట్టును, నాలుగు వీధుల కూడలిని ఎవరు దాచారు? నష్టపరిహారం జాబితాలో ఇంటి కొలత ఉంటుంది, ఆ ఇంటి ముందు పొద్దున ముగ్గు వేసిన మనిషి ఉండదు. ముంపు ఊళ్ళలో పిల్లలకు ఈ ఏడాది ఫోన్ చేతికివ్వండి. పడుకునేది ఎక్కడ, పశువుల్ని కట్టేసేది ఎక్కడ, పంచాయితీ కూర్చునేది ఏ చెట్టు కింద, అన్నీ తియ్యనివ్వండి. నీళ్ళు వచ్చాక తీద్దామంటే తియ్యడానికి ఏమీ ఉండదు.

ఇదంతా మునిగే ఊళ్ళకే అనుకోకండి. 1970లో మనల్ని కర్నూలు జిల్లా నుంచి తెచ్చి కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలో కలిపారు. ఆ ఏడాది మార్కాపురం బజారు ఎలా ఉందో చూపే ఫోటో మీ ఇంట్లో ఉందా? మార్కాపురం రోడ్డు స్టేషన్లో మీటర్‌గేజి బండి ఆగి ఉన్న ఫోటో? పెళ్ళి ఫోటోలు ఉంటాయి, స్టూడియో తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టి తీసిన పాపల ఫోటోలు ఉంటాయి. వీధి ఉండదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు దేశమంతా తెలుసు, ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం మన బేస్తవారిపేట మండలంలోదే. ఆ ఊరి ఫోటో చూసినవాళ్ళెందరు?

రోజూ ఒకటి చెయ్యడం అయ్యేపని కాదని పెదవి విరిచేవాళ్ళకు రెండు సంగతులు. జేమీ లివింగ్‌స్టన్ అనే న్యూయార్క్ మనిషి 1979 మార్చి 31న మొదలుపెట్టి 1997 అక్టోబరులో చనిపోయిన రోజు దాకా రోజుకో పోలరాయిడ్ ఫోటో తీశాడు. అంత దూరం ఎందుకు, తెలుగు వికీపీడియాలో వంగరి ప్రణయ్‌రాజ్ 2016 సెప్టెంబరులో మొదలుపెట్టి వరసగా వెయ్యి రోజులు రోజుకో వ్యాసం రాశారు. మనం అడుగుతున్నది ఒక్క ఏడాది, రోజుకు ఒక్క ఫోటో. మూడో నెలలో విసుగు పుడుతుంది, అది ఖాయం. ఊళ్ళో ఇక తియ్యడానికేముందిలే అనిపిస్తుంది. ఆ నెలంతా చేతులే తియ్యండి. కందికాయ వలిచే చేతులు, దోసె తిప్పే చేతులు, పంక్చరు వేసే చేతులు. లేదా ఇంటి గడప దాటకుండా నెలంతా తియ్యండి. ఒకరోజు తప్పిపోతే మర్నాడు తీసి ముందుకు పోవడమే. తప్పిన రోజును పాత ఫోటోతో పూడ్చకండి, ఆ ఖాళీ అలాగే ఉండనివ్వండి.

మనుషుల్ని తీసేటప్పుడు అడిగి తియ్యాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, షరతు. చెంచు గూడేలకు వెళ్ళి విల్లంబులు పట్టించి ఫోజులు పెట్టించే బయటివాళ్ళను చూస్తూనే ఉన్నాం, మన పిల్లలు ఆ దారి పట్టకూడదు. బిందెల వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను వాళ్ళకు తెలియకుండా తియ్యొద్దు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, బడి ముఖం చూడనివాళ్ళు కూడా, వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. పైనుంచి కిందికి చూస్తూ తీసే షాట్‌కు పటేల్ షాట్ అని, ఎదుటి మనిషి కళ్ళ ఎత్తులో తీసేదానికి సంఘం షాట్ అని వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. కల్లంలో కూర్చుని మిరపకాయలు ఏరే అవ్వను తియ్యాలంటే మీరూ పట్టా మీద కూర్చోండి. ఫోటో దానంతటదే బాగుపడుతుంది.

అలాగే రైలు పట్టాల మీద, క్వారీ గుంతల అంచున ఫోటోలు వద్దు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో బండి దిగి అడవిలోకి నడవొద్దు, అది పులుల అభయారణ్యం.

ఇక ఎవరేం చెయ్యాలి? స్టూడియోల వాళ్ళను మేం అడిగేది నెలకు ఒక్క ఆదివారం పూట. పిల్లలు తెచ్చిన ఫోటోలు చూసి, ఇది బాగుంది, ఇది ఎందుకు బాగాలేదు అని మొహమాటం లేకుండా చెప్పండి. ఒక్కొక్కరికి నెలకో ప్రింటు ఉచితంగా వేసివ్వండి. రేపు మీ దగ్గర పనిచేసే చెయ్యి వాళ్ళలోంచే వస్తుంది. హెడ్మాస్టర్లు బడిలోకి ఫోన్ తేనివ్వనక్కర్లేదు, ఇంటి దగ్గర తీసిన ఫోటో మీద వారానికో వాక్యం తెలుగు పీరియడ్లో రాయించండి. గ్రంథాలయాల వారు మార్కాపురంలో, గిద్దలూరులో తలా ఒక గోడ ఇవ్వండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ జరుపుతారు, అప్పటిదాకా వచ్చిన ఫోటోలు ఆ వారం అక్కడ పెడదాం.

దాచుకోవడంలో ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు చిక్కిపోతుంది, తీసిన తేదీ వివరాలు దానిలోంచి పోతాయి. డాక్యుమెంటుగా పంపండి, నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఊరి ఫోటోల్లో మంచివాటిని వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళ పేజీలు చాలావాటికి ఇప్పటికీ ఒక్క ఫోటో లేదు.

ఫోన్ వల్లే పిల్లలు చెడిపోతుంటే మళ్ళీ మీరు ఫోన్ పట్టుకోమంటారా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్ వాళ్ళ చేతిలో ఇప్పటికే ఉంది, ఎవరం లాక్కోలేకపోయాం. గంటలకొద్దీ తెరలోకి చూసే కుర్రాణ్ణి ఓ అరగంట వీధిలోకి చూడమంటున్నాం, అంతే. కూడు పెడుతుందా అంటే, అందరికీ పెట్టదు, అబద్ధం చెప్పం. ఆసక్తి నిలిచినవాళ్ళకు హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. అలాంటిచోట పరీక్షకు కూర్చునేవాడికి ఏడాదిపాటు రోజూ తీసిన వరస చేతిలో ఉండటం చిన్న సంగతి కాదు. మిగతావాళ్ళకు ఊరి గురించి పదిమందికి చూపించగలిగినంత సరుకు మిగులుతుంది.

ఎక్కడా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, రుసుము లేదు, బహుమతులు లేవు. ఉగాది దాకా ఆగలేనివాళ్ళు ఈ సాయంత్రమే మీ వీధి చివరకు వెళ్ళి మొదటిది తియ్యండి. తేదీ వెయ్యడం మర్చిపోకండి. చదివాక ఈ కాగితాన్ని పారెయ్యకుండా పక్కింటి పిల్లల చేతికివ్వండి.