చీటీల డబ్బా

మా మేనకోడలు శంషాబాదు దగ్గర ఒక బళ్ళో పంతులమ్మ. ఫోను చేసిందంటే ఏదో ఒక చాకిరీ నా నెత్తిన పడిందన్నమాటే. పోయిన నెలలో చేసి, "మామయ్యా, నువ్వు ముప్ఫై ఏళ్ళు లెక్కలు తనిఖీ చేసినవాడివి గదా! కొత్వాల్‌గూడ ఆడవాళ్ళకు ఒక కాగితం చదివి చెప్పాలి. ఆదివారం వస్తావా?" అంది. కాగితమే గదా, ఫోనులో పంపరాదూ అన్నాను. "కాగితం పంపగలను. ఆడవాళ్ళను పంపలేను కదా!" అంది. ఇక తప్పుతుందా?

కొత్వాల్‌గూడ హిమాయత్‌సాగర్ ఒడ్డున వున్న వూరు. పేరులో కొత్వాలు వున్నాడు గాని, వూళ్ళో వెదికినా కనపడడు లెండి. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచిన తర్వాత, వరదను ఆపడానికీ, జనానికి మంచినీళ్ళు ఇవ్వడానికీ కట్టిన రెండు చెరువుల్లో హిమాయత్‌సాగర్ ఒకటి. నగరం ఆరోగ్యం కోసం అంత పని జరిగిన చోట ఇప్పుడు బాహ్య వలయ రహదారి మీద కార్లు రివ్వున పోతుంటాయి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచినప్పటి నుంచీ నెత్తిమీద విమానాలు. మాట్లాడుతున్న మనిషి కాస్త ఆగి, విమానం పోయాక మళ్ళీ అందుకోవడం అక్కడి వాళ్ళకు అలవాటయిపోయింది. నాకు మాత్రం ప్రతిసారీ వాక్యం మరిచిపోయినట్లయింది.

ఒక ఇంటి వసారాలో పన్నెండుమంది కూర్చుని వున్నారు. టీ వచ్చింది. అందరికంటె పెద్దావిడ వొళ్ళో ఒక పాత బిస్కెట్ల డబ్బా వుంది. బిస్కెట్లు పెడుతుందేమో అనుకున్నాను. మూత తీస్తే చీటీలు!

"మా లెక్క మొత్తం గిండ్లనే వుంది, సారూ" అంది.

ఆ చీటీల కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 2005 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలుపెట్టినప్పుడు, వూరూరా ఒక ఆరోగ్య, పారిశుధ్య కమిటీ వుండాలనీ, దానికి ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వాలనీ పెట్టారు. పోషకాహారం అన్న మాట తర్వాత చేర్చారు. ఈ డబ్బులో విశేషం ఏమిటంటే, ఫలానా పద్దుకే ఖర్చు పెట్టాలని పైవాళ్ళు కట్టిపడేయలేదు. మురుగు తీయించుకుంటారో, బ్లీచింగు పొడి కొంటారో, ఆసుపత్రికి పోలేని మనిషికి బండి కిరాయి ఇస్తారో, వూరివాళ్ళే కూర్చుని తేల్చుకోవాలి. తీర్మానం రాయాలి. చీటీ దాచాలి. అంతే.

పదివేలంటే రోజుకు ఇరవై ఏడు రూపాయలు. మనం టీలకు ఖర్చు పెడతాం. నేనూ మొదట్లో మనసులో నవ్వుకున్నాను సుమండీ. డబ్బాలోని చీటీలు ఒక్కొక్కటీ తీసి చూశాక నవ్వు ఆగిపోయింది. బ్లీచింగు పొడి, బోరింగు చుట్టూ సిమెంటు, రక్తపోటు చూసే యంత్రం ఒకటి, దానికి బ్యాటరీలు. ఒక చీటీ మీద బొత్తిగా కొట్టు పేరే లేదు. "ఇదేమిటమ్మా?" అని అడిగాను.

"ఆటో కిరాయి సారూ. ఆటో ఆయన రసీదు ఇయ్యనన్నడు. అయితే పైసలు గూడ ఇయ్యమన్నం. గప్పుడు సంతకం పెట్టిండు."

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతకంటె కచ్చితమైన తనిఖీ నేను చూడలేదు. నాకు చప్పున దుర్గాబాయమ్మగారు గుర్తుకొచ్చారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు, ఖద్దరు ప్రదర్శన వాకిట్లో వలంటీరుగా నిలబడ్డ ఆ పద్నాలుగేళ్ళ పిల్ల, టిక్కెట్టు లేనిదే వీల్లేదని జవహర్‌లాల్ నెహ్రూనే నిలబెట్టిందట! ఆ పిల్లే పెద్దదై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలయింది. దేశమంతటా అప్పటికే వున్న మహిళా మండళ్ళనూ, శిశు విహారాలనూ, చిన్న చిన్న సేవా సంఘాలనూ వెదికి పట్టుకుని వాటికి గ్రాంట్లు ఇవ్వడం ఆ బోర్డు పని. ప్రభుత్వం తానే కొత్త దుకాణం తెరవకుండా, వున్న దీపంలో చమురు పోసింది. ఆమె స్వయంగా ఆంధ్ర మహిళా సభను పెంచిన మనిషి గనుక, సంఘానికి ఎక్కడ కాలు తడబడుతుందో ఆమెకు తెలుసు.

అసలు విషయానికి వస్తాను. నాచేత చదివించదలచిన కాగితం ఇదీ. ఒక కంపెనీవారు ఆ చుట్టుపక్కల రక్తపోటు, చక్కెర వ్యాధి పరీక్షలు చేయించడానికి మూడు లక్షలు ఇస్తామంటున్నారు. గడువు ఒక ఏడాది. డబ్బు నగరంలో వున్న ఒక పెద్ద సంస్థకు వెళుతుంది. ఆ సంస్థ కింద ఈ పన్నెండుమందీ ఇంటింటికీ తిరగాలి. యంత్రాలకు ఇంత, పరీక్ష పట్టీలకు ఇంత, శిబిరాలకు ఇంత, బ్యానర్లకు ఇంత అని పద్దులు వేశారు. చివర "నిర్వహణ ఖర్చు" అన్న గడిలో సున్నా.

"పైసలు మన చేతికెందుకు రావు సారూ?" అని ఒక పిల్ల అడిగింది. పిల్లంటే ఇద్దరు బిడ్డల తల్లే, నాకు పిల్ల.

న్యాయమైన ప్రశ్న. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో నూటికి రెండు రూపాయలు సమాజం పనులకు ఖర్చు చేయాలి. ఆరోగ్యం ఆ పనుల్లో ఒకటి. అయితే ఆ డబ్బు పుచ్చుకునే బయటి సంఘం రిజిస్టరు అయి వుండాలి. ఆదాయపు పన్నువారి దగ్గర నమోదులుండాలి. 2021 నుంచి కంపెనీల శాఖ దగ్గర కూడా నమోదై నెంబరు తెచ్చుకోవాలి. అన్నిటికంటె ముఖ్యంగా, అటువంటి పనిలో మూడేళ్ళ అనుభవం చూపాలి. ఆటోవాడిచేత సంతకం పెట్టించిన అనుభవానికి ఆ దరఖాస్తులో గడి లేదు. పరాయి దేశాల నుంచి వచ్చే విరాళాల దారి కూడా 2020లో మూసుకుపోయింది. అంతకు ముందు పెద్ద సంస్థ తెచ్చుకున్న విదేశీ విరాళంలో కొంత అనుమతి వున్న చిన్న సంఘాలకు పంచిపెట్టవచ్చు. ఆ ఏడు చేసిన సవరణతో అలా పంచకూడదన్నారు. ఆఫీసు ఖర్చుల హద్దును సగం నుంచి అయిదోవంతుకు దించారు. దొంగ సంఘాలు లేవని నేననను, వాటి లెక్కలు తనిఖీ చేసిన పాపం నాకూ వుంది. కాని వల ఎంత చిన్న కళ్ళతో అల్లితే అంత చిన్న చేపలే చిక్కుతాయి. పెద్దవాటికి గుమాస్తాలుంటారు.

అప్పుడు పెద్దావిడ డబ్బా మూత పెట్టి మాట్లాడింది. ఇదివరకు ఒకసారి ఎవరో వచ్చి శిబిరం పెట్టారట. పేరు గుర్తులేదంది, నేనూ గుచ్చి అడగలేదు. ఇంటింటికీ తీసుకుపొమ్మంటే వీళ్ళే తీసుకుపోయారు. అందరి రక్తమూ తీసుకున్నారు. ఫలితాలు మాత్రం మళ్ళీ రాలేదు.

"ఆరు నెలలు నన్ను అడిగిండ్రు సారూ, మా రక్తమేమాయె అని. గా మోటరు పోయింది, నేనీడనే వున్న. ఇప్పుడు మళ్ళ తలుపు కొట్టాలె. షుగరున్నదని చెప్తం. ఏడాదైనంక పట్టీలు ఒడిసిపోతయి. గప్పుడు ఎవరిని అడుగుతరు?"

ఒక విమానం పోయింది. ఎవరూ మాట్లాడలేదు.

మూడు లక్షలు చిన్న మొత్తం కాదు. కాదంటే వూళ్ళో చక్కెర వ్యాధి ఎవరికుందో తెలియకుండానే ఏడాది గడుస్తుంది. సరేనంటే, ఆవిడ ఇరవై ఏళ్ళుగా సంపాదించుకున్న నమ్మకాన్ని పణంగా పెట్టాలి.

నాకు తెలిసిన రెండు సంగతులు వాళ్ళకు చెప్పాను. మొదటిది హైదరాబాదు మహావీర్ ఆసుపత్రి కథ. అది లాభాపేక్ష లేని ట్రస్టు ఆసుపత్రి. 1995లో క్షయ రోగం పనికి పూనుకుంది. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇచ్చింది. పరీక్షలు, లెక్కలు ఆసుపత్రివి. అందరికీ తెలిసిన చిన్న చిన్న నర్సింగు హోములు వీధి వీధినా వున్నాయి గదా, రోగి తన ఇంటికి దగ్గరలో వున్నదానికి పోయి, ఎదురుగా ఒక మనిషి చూస్తుండగా మాత్ర మింగాలి. రాని రోగిని వెతుక్కుంటూ ఇంటికి మనుషులు వెళ్ళేవారు. లక్షమంది జనాభాతో మొదలయిన పని 1998లో అయిదు లక్షలకు పెరిగింది. అది మూడో నెలలో మూసుకుపోకపోవడానికి కారణం మాత్రలొక్కటే కాదు. రాయడానికొక మనిషి, తిరగడానికొక మనిషి వుండడం. క్షయకు ఆరు నెలలు మందు వాడాలి, వారం రోజుల శిబిరం చాలదు.

రెండోది ఉమ్మడి రాష్ట్రంలో 2000 ప్రాంతంలో వచ్చిన పట్టణ ఆరోగ్య కేంద్రాల పథకం. మురికివాడల్లో 192 కేంద్రాలు పెట్టి, నడిపే బాధ్యత స్వచ్ఛంద సంస్థలకు ఒప్పందం మీద ఇచ్చారు. ఒక్కో కేంద్రం కింద అయిదేసి మహిళా ఆరోగ్య సంఘాలు. బాగా నడిపినవాళ్ళకు మళ్ళీ ఇచ్చారు, నడపలేనివాళ్ళను తీసేశారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఇప్పుడు పట్టణాల్లో వున్న మహిళా ఆరోగ్య సమితులు 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కిందివి. యాభై నుంచి నూరు ఇళ్ళకు ఒక సమితి, ఏడాదికి 5,000 రూపాయలు అని పెట్టారు. వూరు పట్నంలో కలిస్తే నిధి సగమవుతుందన్నమాట! అయితే ఇళ్ళు కూడా తక్కువే లెండి, మరీ అన్యాయంగా మాట్లాడకూడదు.

"నిర్వహణ ఖర్చు: సున్నా" అన్న మాట దగ్గర నాకు సిగ్గు వేసింది. ఎందుకంటారా? చందా పుస్తకం పట్టుకుని ఎవరైనా మన గుమ్మంలోకి వస్తే మొదట మనం అడిగేదేమిటి? "ఇందులో మీ జీతాలెంత?" మనమిచ్చిన వందా తిన్నగా బీదవాడి నోట్లోకే పోవాలి, మధ్యలో ఎవరూ అన్నం తినకూడదు! నేనూ అడిగాను, ఒకసారి కాదు. అదే ప్రశ్నను కంపెనీవారు కొంచెం నాజూకుగా గడిలో పెట్టి అడిగారు, అంతే తేడా. మా మేనకోడలు నా ముఖం చూసి, "ఏమిటి మామయ్యా?" అంది. ఏమీ లేదన్నాను.

చివరకు నేనిచ్చిన సలహా ఇది. కాదనకండి, ఔననకండి, ఒక ఉత్తరం రాయండి. అందులో మూడు కోరికలు. ఒకటి, పరీక్షలో జబ్బు బయటపడ్డ ప్రతి మనిషి పేరూ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి పుస్తకంలో చేర్పించే పని కూడా ఒప్పందంలో వుండాలి. ఏడాది తర్వాత మందులు అక్కడ దొరుకుతాయి గనుక, అసలు అదే ముఖ్యం. రెండు, పరీక్ష పట్టీల్లో, బ్యానర్లలో కొంత తగ్గించి, మీలో ఒకరికి నెలనెలా జీతమూ, పద్దులు రాసే ఇంకొకరికి తర్ఫీదూ ఇవ్వాలి. మూడు, చేసిన పనికి మీ సంఘం పేరు మీద సర్టిఫికెట్టు ఇవ్వాలి. దీనికోసం మీరు ముందు సంఘాన్ని రిజిస్టరు చేయించాలి. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు చాలు. ఇవాళ మొదలుపెడితే మూడేళ్ళకు ఎవరి కిందా కాకుండా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

"మూడేండ్లా?" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే.

పెద్దావిడ మాత్రం, "గప్పటికి నా మన్మరాలు డిగ్రీ అయితది. పద్దు ఆమెనే రాస్తది" అంది.

ఆ ఉత్తరం అక్కడే రాశాం. జీతం మాట దగ్గర చాలాసేపు తర్జనభర్జన. జీతమడిగితే సేవ కాదంటారేమోనని ఒకావిడ భయం. "నువ్వు కూలికి పోతే పైసలడుగుతవా లేదా?" అని పక్కావిడ నోరు మూయించింది. జీతం వుండిపోయింది.

మూడు వారాల తర్వాత కంపెనీవారి జవాబు వచ్చింది. మొదటి కోరికకూ మూడోదానికీ సరేనన్నారు. రెండోదానికి, జీతం కుదరదు గాని, పద్దుల తర్ఫీదు ఇప్పించి, ఇంటింటి పనికి రోజు లెక్కన భత్యం ఇస్తామన్నారు. మళ్ళీ ఫోను, మళ్ళీ ఆదివారం, మళ్ళీ విమానాలు. రిజిస్ట్రేషను కాగితాలకు ఏడుగురి సంతకాలు కావాలంటే తొమ్మండుగురు తయారుగా కూర్చున్నారు. అధ్యక్షురాలెవరన్న దానిమీద అరగంట గొడవ జరిగింది. అది నేను రాయను, మీ కాలనీ సంఘంలో చూసే వుంటారు.

పోతూ పోతూ, ఇక మీది రిజిస్టరు సంఘం గనుక చీటీలు డబ్బాలో పెడితే బాగుండదు, ఒక మంచి ఫైలు కొనండి అని చెప్పాను. నేను బస్సు కోసం నిలబడి వుండగానే ఒక పిల్ల పోయి కొనుక్కొచ్చింది. పెద్దావిడ ఫైలును అటూ ఇటూ తిప్పి చూసి, దాని రసీదు మడిచి డబ్బాలో వేసి మూత పెట్టింది.