కొండపక్షుల పరిచయము

మన విద్యార్థులలో కొందరికి పక్షులను పరిశీలించు నభిరుచి కలుగుచుండుట సంతోషకరము. అయితే దుర్భిణి లేనిదే యీ పని యారంభింపరాదని వారిలో ననేకులు తలంచుచున్నారు. మా యభిప్రాయము వేరు. దుర్భిణికంటె ముందు కావలసినవి మౌనము, ఓర్పు, ఒక చిన్న పుస్తకము.

ఈ మాట మేము సిగ్గుపడి నేర్చుకొన్నది. కొన్నియేండ్ల క్రిందట పిల్లలను వెంటబెట్టుకొని సీతంపేట కొండలకు పోయితిమి. మా మెడలో దుర్భిణి వ్రేలాడుచుండెను. ఒక గుబురునుండి వినవచ్చిన మూడు కూతలను మూడు పక్షులవిగా వ్రాసికొంటిమి. తరగతిలో మేము తరచుగా మందలించు సవర బాలుడొకడు మెల్లగా, "మేస్టారూ, అవన్నీ ఒక్క పిట్టవేనండి" అనెను. కదలక నిలిచితిమి. తోకనుండి రెండు సన్నని తీగలు సాగి, వాని కొసలను ఈకల బిళ్ళలు గల నల్లపిట్ట యొకటి వెలికివచ్చి, మా కన్నులయెదుటనే యా మూడు కూతలును కూసెను. పొలములలో పసులవెంట తిరుగు ఏట్రింతకు అది జ్ఞాతి. ఇతర పక్షుల గొంతుల ననుకరించుట దాని స్వభావము. నాడు మేము విద్యార్థులమైతిమి. ఆ బాలుడు ఉపాధ్యాయుడయ్యెను.

కావున ముందుగా కొండవారి నడుగుడు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోట విని వారి భాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. భాషకు చెల్లిన పద్ధతి పక్షులకును చెల్లును. ఏ పిట్టను వారేమని పిలుతురో, అది యే ఋతువున నేచెట్టు పండ్లు తినునో యడిగి, తేదీతో వ్రాసికొనుడు.

సామాన్యమైనదానిని చులకన చేయకుడు. హిమాలయ ప్రాంతములందుండు చెట్టుపిచ్చుక మన తూర్పు కనుమలలోను గలదని కె. ఎస్. ఆర్. కృష్ణరాజు, ట్రెవర్ ప్రైస్ గారలు 1973లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో తెలిపిరి. ఊరపిచ్చుక పోతుకు నడినెత్తి బూడిదవర్ణము. చెట్టుపిచ్చుకకు నెత్తి కావివన్నె, తెల్లని చెక్కిలిపై నల్లమచ్చ. "పిచ్చుకయే కదా" యని త్రోసిపుచ్చువానికి ఆ మచ్చ కనబడదు.

ఇక ఉండేలును ఇంట విడిచి రండు. ఉండేలు పట్టినవాని చూపు గురిమీదనే గాని పక్షిమీద నుండదు. చేతిఫోనులో కూతలు వినిపించి పక్షులను రప్పించుటయు మాకు సమ్మతము కాదు. గూటిలోని పిల్లలకు మేత తేవలసిన తల్లి, లేని శత్రువును వెదకుచు తిరుగును. టెక్కలి దాపున తేలినీలాపురములో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరిచెట్లమీదనే గూళ్ళు కట్టుచున్నవి. గ్రామస్థులు వానికి హాని తలపెట్టకుండుటయే యందుకు కారణము.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీరు దుర్భిణి కొనిపెట్టకున్నను లోపములేదు. తెల్లవారుజామున ఒక గంట పిల్లలను పెరటి చెట్టుక్రింద ఊరక కూర్చుండనిండు. సహోపాధ్యాయులకు మరియొకటి. వెనుక బల్లమీది కొండపిల్లవానిని మందలించుటకు ముందు, వాని కేమి తెలియునో యొకసారి యడుగుడు. మేమడుగుటకు చాల ఆలస్యమైనది.